హొసకోటె రన్‌వే మీద మా ఆయన సీజను

కార్ల పందేలంటే నాకు గౌరవం లేదు. ఒకప్పుడు ఉండి తర్వాత పోయింది కాదు, మొదటినుంచీ లేదు. గుర్రప్పందెంలో కనీసం గుర్రం ఉంటుంది. దానికి పరుగెత్తడం ఇష్టమో కాదో చెవులు చూస్తే తెలిసిపోతుంది. కార్ల పందెంలో ప్రాణమున్నది లోపల కూర్చున్న మనిషి ఒక్కడికే. వాడైనా ఎక్కడికో పోతున్నాడా అంటే అదీ లేదు. బయల్దేరిన చోటికే తిరిగి వస్తాడు. రాగానే జనం చప్పట్లు కొడతారు. నేనూ రోజూ స్కూలుకు వెళ్ళి బయల్దేరిన చోటికే తిరిగి వచ్చేదాన్ని. నాకెవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇది అరవైల మొదట్లో సంగతి. అప్పుడు మేము బెంగళూరు పేటలో, మా నాన్న మగ్గాలు ఆడించిన వీధికి దగ్గర్లోనే అద్దెకుండేవాళ్ళం. నేను ఆడపిల్లల స్కూల్లో టీచరును. మా ఆయన కంటోన్మెంటులో ఒక కార్ల షోరూంలో గుమాస్తా. ఆ షోరూం ఓనరు బొంబాయి నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. తెల్ల నిక్కరు, మోకాళ్ళదాకా మేజోళ్ళు, నోట్లో పైపు. మాట్లాడేది ఇంగ్లీషు. పనివాళ్ళతో మాత్రం నాలుగు హిందుస్తానీ ముక్కలు, వాటిలో రెండు తిట్లు. ఊళ్ళో అన్నేళ్ళు ఉన్నా ఆయనకు కన్నడం రాలేదు. తెలుగనే భాష ఒకటుందని తెలుసునో లేదో కూడా నాకు అనుమానమే.

ఆయనే మోటారు క్లబ్బుకు సెక్రటరీ. క్లబ్బంటే ఒక పెంకుల బంగళా, వరండాలో పేము కుర్చీలు, ఆ కుర్చీల్లో పెద్దమనుషులు. మా ఆయన ఎన్నోసార్లు అక్కడికి ఫైళ్ళు మోసుకెళ్ళారు గాని ఏనాడూ కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు. అందుకు ఆయనకు బాధ కూడా లేదు. "పెద్దోళ్ళు, వాళ్ళ పద్ధతులు వాళ్ళవి" అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

ఒక సాయంత్రం ఆయన చెప్పులు విడవకముందే వార్త చెప్పారు.

"రాబోయే నేషనల్ చాంపియన్‌షిప్ సీజను మన బెంగళూర్లోనే మొదలవుతాది."

"దేని సీజను?"

"కార్ల పందేలది. రేసుకని చేసిన కార్లు కాదు, మామూలు ఇంటి కార్లే. దేశంలో నాలుగైదు ఊర్లలో ఒకదాని వెనక ఒకటి పందేలు పెడతారు. అన్నీ కలిపి ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే వాడు దేశానికే చాంపియను."

"ఇంటి కార్లంటే?"

"రోడ్డు మీద చూస్తావు గదా, అవే. లోపల సీట్లు పీకేసి, తలుపు మీద నంబరు రాస్తారు."

"సీట్లు పీకేస్తే ఇంట్లోవాళ్ళు యాడ కూర్చోవాల?"

"ఇంట్లోవాళ్ళు ఎక్కరు."

"మరి ఇంటి కార్లు ఎట్లయినాయి?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. చదువుకున్నదైనా తెలివి లేదని ఆ చూపుకు అర్థం. తర్వాత కాలంలో ఆ చూపు నాకు బాగా అలవాటైంది.

అసలు సంగతి తర్వాత బయటపడింది. పందెం పెట్టడానికి క్లబ్బుకు చోటు దొరకలేదు. ఊళ్ళో ఉన్న విమానాల మైదానం ఇచ్చేది లేదని మిలిటరీవాళ్ళు తేల్చేశారు. ఆ మాట ఓనరు ఎవరితోనో విసుక్కుంటుంటే, పక్కన ఫైలు పట్టుకుని నిలబడ్డ మా ఆయన నోరు ఆగలేదు. "సార్, మా ఊరి పక్కన ఒక రన్‌వే ఉంది సార్" అన్నారు. ఆ రోజు మొదటిసారి ఆయనకు పేము కుర్చీ దొరికింది. టీ కూడా ఇచ్చారు. ఆ టీ సంగతి మా వీధిలో అందరికీ చెప్పారు.

రన్‌వే ఉన్న మాట నిజమే. హొసకోటె దాటి కొంతదూరం పోతే మా అత్త ఊరు. ఊరి పక్కన, యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు వేయించిన పొడుగాటి రన్‌వే ఉండేది. యుద్ధమయ్యాక వాళ్ళు వెళ్ళిపోయారు. విమానాలు రావడం మానేశాయి. అంత నున్నటి, అంత పెద్ద కళ్ళం చుట్టుపక్కల ఏ మోతుబరికీ లేదు. మట్టి కళ్ళమైతే ఏటేటా రాళ్ళు ఏరాలి, పేడతో అలకాలి. దీనికి ఆ బాధ లేదు. రాగులు కోసి ఎండబెట్టడం, రాతి గుండు కట్టి ఎద్దులతో తొక్కించడం, తూర్పారబట్టడం అన్నీ దాని మీదే. మామగారు పోయినప్పటినుంచీ మా అత్త ఒక్కతే పొలం చేయించుకునేది. ఆ రన్‌వే లేకపోతే తన వల్ల అయ్యేది కాదని ఎన్నోసార్లు అంది.

ఒక ఆదివారం ఓనరు కారులో చూడటానికి వెళ్ళాం. మా అత్తతో మాట్లాడటానికి ఒక ఆడమనిషి ఉంటే మంచిదని నన్నూ ఎక్కించారు. కారు నడిపింది ఓనరు కొడుకు. పాతికేళ్ళవాడు, చేతులకు తోలు గ్లవ్సులు. పాత మద్రాసు రోడ్డు మీద ఎడ్లబండి కనపడితే చాలు, హారను మీది చెయ్యి తీసేవాడు కాదు. బండి పక్కకు తప్పుకున్నాక దాన్ని తోలేవాణ్ణి ఒక తిట్టు తిట్టేవాడు. రాబోయే సీజనులో బెంగళూరు తరఫున దిగబోయే వీరుడు అతనే.

రన్‌వే మీద మా అత్త తొలికోత రాగి కంకులు ఎండబోసి ఉంది. ఓనరు కారు దిగి వాటి మీదనుంచే బూట్లతో నడుచుకుంటూ ఆ చివరిదాకా వెళ్ళాడు. పక్కన కావలసినంత ఖాళీ ఉంది. అయినా కంకుల మీదే నడిచాడు. చూసి తొక్కితే కోపగించుకోవచ్చు. ఆయన వాటిని చూడనే లేదు.

"ఎవరప్పా వీళ్ళు?" అని మా అత్త కొడుకును అడిగింది.

"మా ఓనరమ్మా. ఈడ కార్ల పందెం పెడతారంట."

"యాడనుంచి యాడికి?"

"ఈడనుంచి ఈడికే. చుట్టూ తిరిగి మళ్ళీ ఈడికే వస్తారు."

మా అత్త రన్‌వే ఆ చివరిదాకా చూసింది. "దానికి ఇంతదూరం రావల్లనా? వాళ్ళింటి చుట్టూ తిరగొచ్చు గదప్పా."

ఓనరు తిరిగొచ్చి, ఆవిడ ఏమంటోందని అడిగాడు. "మీరు రావడం చాలా సంతోషమంటోంది సార్" అని మా ఆయన ఇంగ్లీషులో చెప్పారు. నేను ఆయన ముఖం చూశాను. రెప్ప కూడా ఆర్పలేదు.

మా అత్త ఇంటికి పరుగున పోయి ఇత్తడి గ్లాసుల్లో మజ్జిగ తెచ్చింది. ఓనరు గ్లాసు పట్టుకుని పక్కన ఉన్న రాయి మీద పెట్టేశాడు. కొడుకు వాసన చూసి కారు బానెట్ మీద పెట్టాడు. వాళ్ళు తాగకపోవడం నాకు పెద్దగా పట్టలేదు. వాళ్ళు తాగలేదని చూసి మా ఆయన కూడా, రెండు గుటకలు వేసిన గ్లాసును కిందపెట్టేశారు. తన తల్లి చేతి మజ్జిగ! అంతవరకు క్లబ్బువాళ్ళ మీద ఉన్న చులకన ఆ క్షణంనుంచి మా ఆయన మీదికి కూడా పాకింది.

చోటు ఖాయమైంది. సర్కారు అనుమతి క్లబ్బు తెచ్చుకుంది. మా ఆయనకు ఒక తెల్ల టోపీ, చేతికి కట్టుకునే పట్టీ, రంగురంగుల జెండాలు ఇచ్చి, రన్‌వే చివర కార్లు వెనక్కి తిరిగే మలుపు దగ్గర నిలబడే అధికారిని చేశారు. జీతం మాత్రం గుమాస్తా జీతమే. తెల్ల ప్యాంటు సొంతంగా కుట్టించుకోవలసి వచ్చింది.

ఇక మా ఇంట్లో సీజను తప్ప మరో మాట లేదు. రోజూ పొద్దున మిద్దె మీద జెండాలు ఊపడం నేర్చుకునేవారు. ఎదురింటావిడ నన్ను పిలిచి, "మీ ఆయన రైల్వేలో చేరినాడా?" అని అడిగింది. ఆయన అన్నం తింటూ నాకు పాఠాలు చెప్పేవారు. పసుపు జెండా ఊపితే ముందర ప్రమాదం ఉంది, నిదానించాలి, ఒకరినొకరు దాటకూడదు. ఎర్రది చూపితే అందరూ ఆగిపోవాలి.

"పసుపుది ఊపినా ఎవడన్నా ఆగకపోతే?" అన్నాను.

"ఆగకపోవడమేంది? అది రూలు."

"మీ ఓనరు కొడుకు ఎడ్లబండికే ఆగడు."

"నీకు ఊరికే ఎగతాళి" అని లేచి చెయ్యి కడుక్కున్నారు.

మా వీధిలో ఎవరైనా సీజను గురించి తెలియదంటే వాళ్ళను ఆయన అడవి మనుషుల్ని చూసినట్టు చూసేవారు. అప్పటికి ఆయన జీవితంలో స్టీరింగు పట్టుకున్నది లేదు. ఓనరు కొడుకు మాత్రం తన కారుకు సైలెన్సరు పీకేసి కంటోన్మెంటు వీధుల్లో అభ్యాసం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకు పిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తున్నారని జనం మొరపెట్టుకుంటే, దేశం కోసం సిద్ధమవుతున్నాడని ఓనరు జవాబిచ్చాడట. దేశం అతన్ని ఎప్పుడు అడిగిందో నాకు తెలియదు.

మొదటి పందెం రోజు దగ్గరపడేసరికి చిక్కు వచ్చింది. మా అత్త ఊళ్ళో అప్పుడే రాగుల పని జోరుమీద ఉంది. రన్‌వే మీద ఒక్క గింజ కూడా ఉండకూడదని ఓనరు హుకుం. ఆ మాట చెప్పడానికి మా ఆయన కొత్త టోపీ పెట్టుకుని మరీ ఊరికి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను.

"అమ్మా, ఇదంతా తీసేయాల. సీజను మొదలవుతాది."

"ఇది సీజను కాదా? రాగుల సీజను" అంది మా అత్త.

"ఊరికే మాటలు వద్దు. ఈ నేల మనది కాదు, సర్కారుది. క్లబ్బుకు రాసిచ్చినారు."

"సర్కారోళ్ళు రాగులు తినరా?"

"అమ్మా, నా పేరు పోతాది. నా మాటమీద ఇంత చేసినారు వాళ్ళు. బేజారు చెయ్యొద్దు."

ఆమె చీపురు అందుకుంది. కొడుకు పేరు పోతుందంటే అంతకుమించి వాదించే మనిషి కాదు. మిగతా రైతులు గొణుక్కున్నారు గాని, సర్కారు కాగితమంటే వాళ్ళకూ భయమే. మా అత్తా నేనూ, ఇంకో ఇద్దరు కూలి ఆడవాళ్ళూ కలిసి సగం తొక్కించిన రాగుల్ని ఊడ్చి, గంపలకెత్తి, మలుపు పక్కన పల్లంలో కుప్ప పోశాం. కోసిన మోపులు కూడా అక్కడే పేర్చి మీద చాపలు కప్పాం. మా ఆయన ఆ పనిలో చెయ్యి పెట్టలేదు. ప్యాంటు మాసిపోతుందట. రన్‌వే అంచున నిలబడి ఇంకా అక్కడ గింజలున్నాయి, ఇక్కడ గింజలున్నాయి అని జెండా కర్రతో చూపించారు.

పందేనికి ముందు వారంలో కాలంకాని వాన పడింది. పల్లంలో నీళ్ళు చేరాయి. చాపలు పైన వానను ఆపాయేమో గాని కిందినుంచి వచ్చే నీళ్ళను ఏం ఆపుతాయి? కుప్ప అడుగంతా నానిపోయింది. మా అత్త మనిషిచేత కబురు పంపింది. మా ఆయన ఆ కబురు విని ఓనరుకు చెప్పారట, పాపం మా అమ్మ రాగులు తడిసిపోయాయని. ఓనరు పైపు తీసి, "వాన మంచిదే, ట్రాకు కడిగినట్టయింది" అన్నాడట. దాన్ని మా ఆయన ఇంటికొచ్చి నాకు ఒక మంచి కబురులాగా చెప్పారు.

పందెం రోజు హొసకోటె నుంచి జనం బస్సుల్లో, బండ్లలో వచ్చారు. ఒకవైపు షామియానా, దాని కింద సోఫాలు, నల్ల కళ్ళద్దాల ఆడవాళ్ళు, ఫ్లాస్కుల్లో కాఫీ. ఇంకోవైపు తాడు కట్టి, దాని వెనక ఊరివాళ్ళు. తమ ఊరి నేల మీదే వాళ్ళు తాడు వెనక నిలబడ్డారు. సీజనును ప్రారంభించాల్సిన పెద్దమనిషి ఎండ నడినెత్తికి వచ్చాక దిగి, యువకుల సాహసం గురించి మాట్లాడాడు. ఆ యువకులు అప్పటికి నీడలో ఐసు నిమ్మరసం తాగుతున్నారు.

కార్లు ఎనిమిది. దేశపు చాంపియన్‌షిప్ అంటే నేనేమో అనుకున్నాను. ఆ ఎనిమిదీ మా వీధి చివర టాక్సీ స్టాండులో నిలిచే రకాలే. దీపాలకు అడ్డంగా పట్టీలు అంటించారు. ఒకదానికి తలుపు తాడుతో కట్టారు. ఇంకొకటి కదలనే లేదు. మా అత్త ఊరి పశువులకాపరులు నలుగురు వెనకనుంచి తోస్తే గాని దాని ఇంజను పలకలేదు. తోసినవాళ్ళను మళ్ళీ తాడు వెనక్కి పొమ్మన్నారు.

నేను షామియానాలో కూర్చోలేదు. గుమాస్తా పెళ్ళానికి అక్కడ చోటు లేదు, ఉన్నా కూర్చునేదాన్ని కాదు. మా అత్త మలుపు పక్కన తన కుప్ప దగ్గర, జనం తొక్కకుండా చీపురు పట్టుకుని కాపలా కూర్చుంది. నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. మాకు ఎదురుగానే మా ఆయన తెల్ల ప్యాంటు, తెల్ల టోపీతో జెండాలు పట్టుకుని నిలబడ్డారు. మలుపు బయటి అంచున కార్లు తగిలినా దెబ్బ తగలకుండా ఊరివాళ్ళ రాగి గడ్డి కట్టలు పేర్చారు. పశువులు తినాల్సిన గడ్డి అది.

పందెం మొదలైంది. చప్పుడు, పొగ, దుమ్ము. ఒకే మలుపు, ఒకే వరస, మళ్ళీ మళ్ళీ. మా అత్త కాసేపు చూసి, "ఇంక ఎన్ని తూర్లు తిరుగుతారమ్మీ?" అంది. నాకేం తెలుసు?

కొన్ని చుట్లు అయ్యాక మద్రాసు నుంచి వచ్చిన ఒక కారు మలుపులో జారి గిర్రున తిరిగి, దారికి అడ్డంగా ఆగిపోయింది. మా ఆయన వెంటనే పసుపు జెండా ఎత్తారు. ఎత్తడమే కాదు, అంచుదాకా పరుగెత్తి రెండు చేతులతో పట్టుకుని తల మీదుగా ఊపారు. వెనక వచ్చిన రెండు కార్లు చూసి నిదానించాయి. మూడోది ఓనరు కొడుకుది. ముందు కార్లు తగ్గడం చూశాడు, జెండా చూశాడు. వాళ్ళను దాటేయడానికి అదే సమయమనుకున్నాడు. బయటివైపునుంచి దూసుకొచ్చి, అడ్డంగా ఉన్న కారును చూసి బ్రేకు తొక్కి, గడ్డి కట్టల్లోకి దూరిపోయాడు. ఒక చక్రం గుంటలోకి దిగింది. కిందనుంచి నూనె కారి గడ్డంతా నల్లబడింది. అతను ముక్కు పట్టుకుని దిగాడు. కాస్త రక్తం వచ్చింది, అంతే.

ఎర్ర జెండా చూపి పందెం ఆపారు. ఓనరు పరుగున వచ్చాడు. ఆయన వెనక క్లబ్బు పెద్దమనుషులు నలుగురు. కొడుకు ముక్కు చూసి, మా ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో అరిచాడు.

"జెండా ఎందుకు చూపలేదు? నిద్రపోతున్నావా?"

మా ఆయన చేతిలో జెండా అట్లాగే ఉంది. ఆయన నోరు తెరిచి చెబుతారనుకున్నాను. చూపాను సార్ అన్న ఒక్క మాట. అడ్డంగా ఆగిన కారులోని మద్రాసు మనిషి అక్కడే నిలబడ్డాడు, నిదానించిన కార్లవాళ్ళూ దిగి వచ్చారు. అందరూ చూసినవాళ్ళే. ఒకడు బూటు లేసు సరిచేసుకున్నాడు. ఒకడు ఆకాశం చూశాడు.

"సారీ సార్" అన్నారు మా ఆయన. "కొంచెం ఆలస్యమైంది సార్."

మా అత్త చీపురు చేత్తో పట్టుకునే లేచి వచ్చింది. "ఏమంటాండాడు ఆయప్ప?" అని నన్నడిగింది. చెప్పాను. ఆమె నేరుగా ఓనరు ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఏమయ్యా, నా కొడుకు రెండు చేతులా ఊపినాడు. నేను చూసినా. ముందర వచ్చిన రెండు కార్లోళ్ళు నిదానంగా పోలేదా? వాళ్ళకు కనపడింది నీ కొడుక్కి ఒక్కడికే కనపడలేదా? వాడు ఆగల్లనుకోలేదు, పోయి గడ్డిలో పడినాడు. దానికి నా కొడుకును యాల అరుస్తావు?"

ఓనరు మా ఆయన వైపు చూశాడు. "ఏమంటోంది?"

మా ఆయన ఒక్క క్షణం తల్లి వైపు చూశారు. తర్వాత ఇంగ్లీషులో అన్నారు: "మీ అబ్బాయికి దెబ్బలేమైనా తగిలాయా అని అడుగుతోంది సార్."

"ఏం ఫరవాలేదని చెప్పు. మంచి ముసలావిడ" అన్నాడు ఓనరు.

నాకు అంతకుముందు గాని, ఆ తర్వాత గాని అంత అసహ్యం కలగలేదు. ఓనరు మీద కాదు. ఆయన ఎట్లాంటివాడో నాకు ముందే తెలుసు. నేను ముందుకు వచ్చి, స్కూల్లో డిక్టేషను చెప్పినట్టు నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడదీసి ఇంగ్లీషులో చెప్పాను.

"కాదు సార్. ఆమె అన్నది అది కాదు. తన కొడుకు జెండా ఊపాడని, అది తాను చూశానని అంటోంది. రెండు కార్లు నిదానించాయని, మీ అబ్బాయి మాత్రం చూసి కూడా ఆగలేదని అంటోంది. నేనూ చూశాను. ఈ పెద్దమనుషులు కూడా చూశారు. వాళ్ళనడగండి."

ఓనరు ముఖం ఎర్రబడింది. పెద్దమనుషులనేమీ అడగలేదు. నా వైపు చూడను కూడా చూడకుండా మా ఆయనతో, "నీ ఇంటి ఆడవాళ్ళను ఇక్కడనుంచి తీసుకుపో" అన్నాడు. ఆయన చేతిలోని జెండా లాక్కుని పక్కనున్నవాడికి ఇచ్చాడు. టోపీ కూడా తీసుకుంటాడేమో అనుకున్నాను. అది మా ఆయనే తీసి ఇచ్చేశారు.

పందెం మళ్ళీ జరిగింది. ఎవరు గెలిచారో నాకు తెలియదు. క్రీడాస్ఫూర్తి కనబరిచినందుకు ఓనరు కొడుక్కు ఒక వెండి కప్పు మాత్రం ఇచ్చారని తర్వాత పేపర్లో చూశాను. నవ్వు కూడా రాలేదు.

మా ఆయన మాతో రాలేదు. సాయంత్రందాకా అక్కడే ఉండి షామియానా కుర్చీలు లెక్కపెట్టి లారీకెక్కించారు. తర్వాత మా అత్త ఇంటికి వచ్చారు. తెల్ల ప్యాంటు మోకాళ్ళదాకా నల్లటి నూనె. ఆమె రాగి సంగటి ముద్ద పెట్టింది. ఆయన దాన్ని ముట్టకుండా నన్నన్నారు: "అందరి ముందర నన్ను చిన్న చేసినావు."

"నేనా?" అన్నాను.

"నువ్వే. నేను సర్దేసినా. అదంతా అట్లే పోయుండేది."

"ఏం పోయుండేది? మీ అమ్మ మాటా?"

మా అత్త మధ్యలోకి వచ్చి, "తినప్పా, చల్లారిపోతాది" అంది. ఆమె కొడుకును ఒక్క మాట అనలేదు. తర్వాత కూడా ఏనాడూ అనలేదు. తడిసిన కుప్పలో సగం గింజలు బూజు పట్టాయి, మొలకలు వచ్చాయి. ఆ యేడు ఆమె బయట రాగులు కొనుక్కుని తింది. అది కూడా కొడుక్కు చెప్పొద్దని నాతో అంది. నేను చెప్పాను. అటువంటివి దాచిపెట్టే ఓపిక నాకు లేదు.

ఓనరు మా ఆయన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. తీసేస్తే ఎందుకు తీశాడో జనం అడుగుతారు. సీజను మిగతా ఊళ్ళకు వెళ్ళింది. ఆయన మునుపటిలాగే ఫైళ్ళు మోశారు. మా ఇంట్లో మాత్రం చాలా రోజులు మాటలు లేవు. ఉప్పు కావాలంటే ఉప్పు డబ్బా వైపు చూసేవారు. ఏ ఊళ్ళో ఏ పందెం ఎప్పుడో ఇంకా పేపర్లో వెతుక్కుని చదివేవారు. అది చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది. తన్నిన కాలికే పాలిషు పట్టడం అంటే ఇదే గదా అనిపించేది.

సీజను ఆఖరి పందెం ఉత్తరాదిన ఒక పెద్ద ఊళ్ళో. కారును ముందే లారీలో పంపారు. ఓనరు కొడుకు రైల్లో వెళ్ళాలి. అతని సంచి, అందులో హెల్మెట్టు, గ్లవ్సులు, ఇంకా ఏవేవో, స్టేషనుకు మోసుకెళ్ళమని మా ఆయనకు చెప్పారు. కూలీలు లేక కాదు. గుమాస్తా ఉండగా కూలీ ఎందుకని. ఆ పొద్దున ఆయన నాతో మాట్లాడకుండానే వెళ్ళారు.

మామూలుగా వచ్చే వేళకన్నా చాలా ముందే తిరిగి వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, "వదిలేసి వచ్చినా" అన్నారు.

"రైలెక్కించినారా?"

"సంచి ఎక్కించలేదు. ప్లాట్‌ఫారం మీద వదిలేసినా. ఉద్యోగమూ వదిలేసినట్టే."

కూర్చోబెట్టి నీళ్ళిచ్చి అడిగితే, ఒక్కొక్కటే చెప్పారు. ప్లాట్‌ఫారం మీద ఓనరు కొడుకు స్నేహితులకు మా ఆయన్ని చూపించి, వీడే ఆ జెండా ఆఫీసరు, కళ్ళు మూసుకుని ఊపేవాడు అన్నాడట. వాళ్ళంతా నవ్వారట. మా ఆయన సంచి నేల మీద పెట్టి, గేటు దాకా నడిచి, వెనక్కి తిరిగి చూశారట. రైలు కదిలింది. ఓనరు కొడుకు తలుపులో నిలబడి సంచి, సంచి అని అరుస్తున్నాడు. సంచి మాత్రం ప్లాట్‌ఫారం మీదే ఉంది. ఎవరూ అందివ్వలేదు.

అతని మాటకు మా ఆయనకు కోపం వచ్చిందని, తల్లి మాటను తానే మార్చి చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం రాలేదని నాకు అప్పుడు తోచకపోలేదు. ఆయన మీద గౌరవం ఒక్కసారిగా వచ్చేసిందని రాస్తే బాగుంటుంది గాని అది నిజం కాదు. స్టేషను దాకా మోశారు గదా అనుకున్నాను. తర్వాత మా నాన్న వీధిలో నేతవాళ్ళ సహకార సంఘంలో, తక్కువ జీతానికి, లెక్కలు రాసే పని దొరికింది. అక్కడ కూర్చోవడానికి చెక్క బల్ల, దాని మీద అందరూ కూర్చునేవారు. ఆయన చివరిదాకా అక్కడే చేశారు.

ఆ రోజు మాత్రం అన్నం వడ్డించి ఎదురుగా కూర్చున్నాను.

"అతను తలుపులో నిలబడినప్పుడు ముఖం ఎట్లుండింది?" అన్నాను.

చాలా రోజుల తర్వాత ఆయన నా వైపు చూసి నవ్వారు. ముద్ద కలిపిన చెయ్యి గాల్లో ఆడిస్తూ, నోరు తెరిచి, కళ్ళు పెద్దవి చేసి చూపించారు.

"ఇంకోసారి చెప్పండి" అన్నాను. ఆయన మొదటినుంచీ మళ్ళీ చెప్పారు.